పాలవాగు అవతల పలికిన గొంతు

పాలవాగుకు ఈవల ఒక అడవి ఉంది. అందులో తుమ్మలు, రేల చెట్లు, దట్టమైన రేగు పొదలు ఉండేవి. నెమళ్లు, ఉడతలు, కుందేళ్లు అక్కడ తిరిగేవి. పొదల్లో కౌజు పిట్టలు కాపురం ఉండేవి.

ఆ కౌజులకు ఒక అలవాటు ఉంది. పొద్దు వాలగానే రాగి అనే పెద్ద పిట్ట పుట్ట మీదికెక్కి అందరినీ పేరుపేరునా పిలిచేది. పిలిచిన పిట్ట తన పొదలోంచి "ఉన్నా!" అని పలికేది. అన్నీ పలికాకే నిద్రపోయేవి. గుడ్డులోంచి బయటపడిన పిల్ల మొదట నేర్చుకునే మాట అదే.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరైనా కొత్త బతుకు వెతుక్కుంటూ వాగు దాటి వెళితే మర్నాటి నుంచి వాళ్ల పేరు పిలవకూడదు. వెళ్లినవాళ్లను వెనక్కి పిలిస్తే అచ్చిరాదని వాటి నమ్మకం.

వాగు దగ్గరి పొదలో చుక్కి అనే కౌజు ఉండేది. ఆ ఏడు దాని జోడు వేటగాడి వలలో పడ్డాడు. పెట్టిన గుడ్లు వానకు కొట్టుకుపోయాయి. మిగతా పొదల్లో పిట్టలు ఒకదానికొకటి ఆనుకుని పడుకునేవి. చుక్కి మాత్రం పక్కన ఖాళీ జాగా వదిలి పడుకునేది. సాయంత్రం రాగి "చుక్కీ!" అంటే "ఉన్నా!" అనేది. రోజు మొత్తంలో దానితో ఎవరైనా మాట్లాడే మాట ఆ ఒక్కటే.

దాని పక్క పొదలో సజ్జవ్వ ఉండేది. ఒకప్పుడు పుట్టెక్కి పేర్లు పిలిచింది ఆ అవ్వే. ఇప్పుడు దానికి మతిమరుపు వచ్చింది. పొద్దున ఏం తిన్నదో మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. పేర్లు కూడా ఎక్కడ మరిచిపోతానో అని భయపడి, గింజలు ఏరుకుంటూ వాటినే గొణుక్కునేది.

ఆ అడవికి ఒక పునుగు పిల్లి వచ్చేవాడు. నున్నటి ఒళ్లు, నెమ్మదైన నడక. అతను వస్తుంటే గాలి జవ్వాది వాసన వేసేది. అందుకే అందరూ జవ్వాది బావ అనేవారు.

"పండ్లు తప్ప నేనేమీ ముట్టను" అని చెప్పేవాడు. తునికి పండ్లు తెచ్చి పంచేవాడు. ఏ పిట్ట కూత విన్నా అచ్చం అలాగే కూసి నవ్వించేవాడు. ఆ విద్య చూసుకుని అతనికి మహా గర్వం.

అందరితో నవ్వినా, అతను కూర్చునేది ఒంటరి ఆడపిట్టల దగ్గరే. వాళ్ల కష్టం ఓపిగ్గా వినేవాడు. "వాగు అవతల పెద్ద గుంపుంది. అక్కడ ఎవరూ ఒంటరిగా పడుకోరు. దారి నేను చూపిస్తా" అనేవాడు.

మొదట గవ్వ వెళ్లింది. తరువాత దూది. ఆ తరువాత తంగేడు. కట్టుబాటు ప్రకారం రాగి వాళ్ల పేర్లు పిలవడం మానేసింది. పిలుపే లేకపోయాక, వాళ్లు పలకడం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సజ్జవ్వ మాత్రం వాళ్లు వెళ్లిన సంగతి మరిచిపోయేది. రాగి పిలవడం అయిపోగానే తన పొదలోంచి "గవ్వా! దూదీ! తంగేడూ!" అని పిలిచేది.

"అవ్వా, వాళ్లు వాగు దాటారని నిన్ననే చెప్పాం కదా!" అని పిల్లలు నవ్వేవారు.

"అలాగా? మరిచిపోయాను నాయనా" అనేది. మర్నాడు మళ్లీ పిలిచేది.

జవ్వాది చుక్కి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. దాని జోడు గురించి అడిగాడు. పోయిన గుడ్ల గురించి అడిగాడు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చుక్కి వెక్కివెక్కి ఏడ్చింది.

"రేపు పొద్దు వాలేలోగా బయలుదేరదాం చుక్కమ్మా. గవ్వ, దూది, తంగేడు నీకోసం ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

మర్నాడు చుక్కి చెప్పి వెళదామని సజ్జవ్వ దగ్గరికి వచ్చింది.

"ఎక్కడికి పిల్లా?"

"వాగు అవతలికి, అవ్వా. మనవాళ్లు ముగ్గురూ అక్కడే ఉన్నారట."

అవ్వ తల పక్కకు వంచింది. "అవతల కోకిల కూస్తే నాకిక్కడికి వినిపిస్తుంది. మరి నేను పిలిస్తే వాళ్లు పలకరేం?"

"మరిచిపోయి ఉంటారు, అవ్వా."

"మరిచిపోయేది నేను తల్లీ, వాళ్లు కాదు. పేరు పెట్టి పిలిస్తే మన కౌజు నిద్రలో కూడా 'ఉన్నా' అంటుంది."

చుక్కి వాగు ఒడ్డుకు వెళ్లింది. దిగాలుగా అవ్వ కూడా వెనకే నడిచింది. అక్కడ జవ్వాది ఎదురుచూస్తున్నాడు.

"బావా, ఇక్కడి నుంచి ఒకసారి పిలుస్తాను. వాళ్లు పలికితే వస్తాను" అంది చుక్కి.

"నా మాట మీద నమ్మకం లేదా?" అని జవ్వాది నొచ్చుకున్నాడు. చుక్కి కదలలేదు. అతను నవ్వేశాడు. "సరే, ముందు వెళ్లి వాళ్లను ఒడ్డుకు రమ్మంటాను. అప్పుడు పిలువు" అని వాగు దాటి పొదల్లోకి దూరాడు.

"గవ్వా!" అని పిలిచింది చుక్కి.

"ఉన్నా!" అని వినిపించింది. అచ్చం కౌజు గొంతే.

"దూదీ!"

"ఉన్నా!"

"తంగేడూ!"

"ఉన్నా!"

చుక్కి సంతోషంతో రెక్క విప్పింది. ఇంతలో పక్కనున్న సజ్జవ్వ కూడా ఉత్సాహంగా పిలిచింది. "మొగిలీ!"

"ఉన్నా!"

అవ్వ ముఖం వెలిగింది. "మా చెల్లెలు పలికింది! విన్నావా?" అంది. అంతలోనే ఆ ముఖం వాడిపోయింది. "కాదు... మొగిలి ఎప్పుడో పోయింది. రేల చెట్టు కింద, నా రెక్క మీదే తల పెట్టి పోయింది. ఎలా మరిచిపోయాను? దాని పేరుకు ఎవరు పలికారు?"

చుక్కి రెక్క ముడుచుకుంది. గొంతెత్తి అరిచింది. కౌజులన్నీ లేచాయి. అవీ నెమళ్లూ వాగు మీదుగా ఎగిరి వెళ్లేసరికి జవ్వాది పారిపోయాడు. పొదల వెనక కౌజుల గుంపు లేదు. ఈకలున్నాయి. వాటిలో దూది తెల్లటి ఈకలను అందరూ గుర్తుపట్టారు.

ఆ రోజు నుంచి జవ్వాది వాసన తగిలితే చాలు, అడవంతా అరిచి లేచిపోయేది. అతని కబుర్లకు చెవి ఒగ్గేవాళ్లు లేరు. సాయంత్రం వాగు అవతలి నుంచి "ఉన్నా! ఉన్నా!" అని ఒక గొంతు వినిపించేది. అతన్ని ఎవరూ పిలవలేదు. వేట దొరక్క అతను చిక్కిపోయాడు. ఒక వేసవిలో ఆ గొంతు ఆగిపోయింది.

రాగి పాత కట్టుబాటు తీసేసింది. వెళ్లినవాళ్ల పేర్లు కూడా పిలవాలంది. పుట్టెక్కి పేర్లు పిలిచే పని చుక్కికి అప్పగించింది. చుక్కి తన పొద వదిలి సజ్జవ్వ పొదలోకి మారింది. ఇద్దరూ ఆనుకుని పడుకునేవారు. అవ్వ మరిచిపోయిన పేరును చుక్కి అందించేది.

కొన్నాళ్లకు సజ్జవ్వ పోయింది. ఇప్పటికీ పొద్దు వాలితే చుక్కి పుట్టెక్కి అందరినీ పిలుస్తుంది. చివర గవ్వను, దూదిని, తంగేడును, సజ్జవ్వను పిలుస్తుంది. ఒక్కొక్క పేరు తరువాత కాసేపు ఆగుతుంది.

నీతి: తీయగా మాట్లాడేవాడి వెంట వెళ్లే ముందు, అంతకుముందు అతని వెంట వెళ్లినవాళ్లు ఏమయ్యారో అడగాలి. మన మధ్య ఒంటరిగా ఉన్నవాళ్లను మనమే ముందు పలకరించాలి.