నీళ్ళ గంట

హనీఫ్‌కి నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు.

ఇంట్లో పెంచుకున్న ఆకుకూరలు తింటే జనం ఒళ్ళు బాగుపడుతుందని అతను ఆన్‌లైన్‌లో మిద్దెతోట పాఠాలు మొదలుపెట్టాడు. ఎవరూ నీళ్ళు మరిచిపోకుండా రోజూ పొద్దున ఆరింటికి అందరి ఫోన్లలో గంట మోగే ఏర్పాటు చేశాడు. ఆ తెలివికి తనే మురిసిపోయాడు కూడా. తీరా రెండు నెలలు తిరక్కుండానే సగం మంది మానేశారు.

వాళ్ళలో షుగరుతో బాధపడే వరహాలమ్మ ఒకావిడ. ఆవిడ రాసిన ఉత్తరమే హనీఫ్‌ని పట్టి పీడిస్తోంది. "బాబూ, గంట కొట్టినప్పుడల్లా నీళ్ళు పోశాను. అయినా మెంతికూరంతా కుళ్ళిపోయింది. మొక్కనే బతికించలేనిదాన్ని, నా ఒంటినేం బాగుచేసుకుంటాను? నడక కూడా మానేశాను."

తెల్లారి నమాజు కాగానే అతను గురువు ఖుద్దూస్ బాబా దగ్గరికి వెళ్ళాడు. మూడు రోజులుగా ముసురు. బాబా వసారా చివర పుదీనా కుండీల పక్కన కూర్చుని ఉన్నాడు.

"జనానికి శ్రద్ధ లేదు బాబా. గంట ఇంకాస్త గట్టిగా మోగించాలి."

"ఏదీ, వినిపించు" అని బాబా ఫోను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆరయింది. గంట మోగింది. బాబా కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఇచ్చాడు. హనీఫ్ తాగాడు.

'పోశాను' అని నొక్కేదాకా అది అయిదు నిమిషాలకోసారి మోగుతూనే ఉంటుంది. అదీ హనీఫ్ తెలివే. బాబా నొక్కలేదు. మళ్ళీ మోగింది, మళ్ళీ గ్లాసు నింపాడు. గురువు ఇచ్చింది కాదనలేక హనీఫ్ తాగాడు. మూడోది ఎలాగో మింగాడు. నాలుగోసారికి పొట్ట పట్టుకున్నాడు.

"దాహం లేదు బాబా!"

"గంట మోగింది కదా బేటా" అని బాబా గ్లాసు చేతిలో పెట్టాడు.

ఏం చెయ్యాలో తోచక హనీఫ్ ఆ నీళ్ళు పుదీనా కుండీలో పోయబోయాడు. బాబా అతని రెండో చెయ్యి పట్టుకుని, వేలు మట్టిలోకి దించాడు.

మట్టి అప్పటికే ముసురుకి తడిసి ముద్దముద్దగా, చల్లగా ఉంది. హనీఫ్ చాలాసేపు వేలు తియ్యలేదు.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి బాబా దాన్ని అతనికిచ్చేశాడు.

హనీఫ్ అందరి ఫోన్లలోనూ గంట తీసేశాడు. అక్కడే కూర్చుని వరహాలమ్మకి రాశాడు: "అమ్మా, మొక్కల్ని చంపింది మీ చెయ్యి కాదు, నా గంట. మళ్ళీ మెంతులు చల్లండి. మీతోపాటు నేనూ చల్లుతాను."

పంపేసి, పక్క కుండీలో వేలు పెట్టి చూశాడు.