చేవమ్మ గీసిన గీతలు

ఒకప్పుడు భూమికి దక్షిణపు కొసన, ఇప్పుడు మంచు తప్ప మరేమీ లేని చోట, దట్టమైన అడవి ఉండేది. ఆ రోజుల్లో చెట్టు లోపల గీతలుండేవి కావు. కోసి చూస్తే పిండిముద్దలా నున్నగా ఉండేది.

అక్కడ సూర్యుడిది వింత కొలువు. నెలల తరబడి దిగకుండా కాసేవాడు. తర్వాత నెలల తరబడి మొహం చూపించేవాడు కాదు. ఆయన వెళ్ళగానే చెట్లు ఆకులు రాల్చేసి నిద్రపోయేవి. లేచాక ఒకటే పోట్లాట! "పడుకున్నది ఒక్క కునుకే" అని ఒకటి, "కాదు, మూడు" అని ఇంకొకటి. ఏ ఏడు ఎలా గడిచిందో ఒక్కదానికీ గుర్తుండేది కాదు.

వాటిలో చేవమ్మ మాత్రం ఆ గోలలో కలిసేది కాదు. ఒకసారి అనుకుంటే వెనక్కి తగ్గని మనిషి. చెట్టుని పట్టుకుని మనిషి అన్నానా? పోనీలెండి, అలాగే అనుకుందాం.

ఒకరోజు కొండ మీంచి మంచు తొంగిచూసింది.

"చేవమ్మా, మెల్లమెల్లగా కిందికి దిగుతున్నా. ఇక ఇదంతా నాదే. ఇక్కడ అడవి ఉండేదంటే రేపు ఎవరూ నమ్మరు."

చేవమ్మకు ఒళ్ళు మండింది. చావంటే ఆమెకు భయం లేదు. పుట్టినవాళ్ళంతా పోయేవాళ్ళేగా! కానీ ఇన్ని చిగుళ్ళూ, ఇంత ఎండా అసలు లేనేలేవంటే ఎలా?

"నమ్మిస్తాను" అంది.

"కదల్లేనిదానివి, ఏం చూపించి నమ్మిస్తావ్?"

మరిచిపోకూడదనుకుంటే మనం కొంగున ముడి వేసుకుంటాం. చేవమ్మకు కొంగేదీ? బెరడు మీద గీస్తే పురుగు తినేస్తుంది. అందుకని పొట్టలోనే గీయాలనుకుంది.

ఆ ఏడు సూర్యుడు బయల్దేరుతుంటే పిలిచింది. "ఒక్క క్షణం ఆగు సూరీడూ, గీత గీసుకోవాలి."

"ఆగలేను తల్లీ. అవతలి కొసన వాళ్ళు చలికి వణుకుతున్నారు."

చేవమ్మ గబగబా బెరడు కింద చుట్టూ సన్నని నల్లగీత గీసి నిద్రపోయింది.

"పొట్టలో గీసుకుంటే ఎవరికి కనిపిస్తుందే?" అని పక్క చెట్లు నవ్వాయి.

"చూడాలనుకున్నవాళ్ళకి కనిపిస్తుంది."

ఎండా వానా బాగున్న ఏడు గీతకూ గీతకూ మధ్య వెడల్పుగా చోటు వదిలింది. కరువు ఏడు ఇరుకుగా వదిలింది. ఒక్క అబద్ధమూ గీయలేదు.

మంచు ఇంకా దగ్గరికొచ్చింది. "ఎందుకే ఈ తంటా? ఆ ఓపిక దాచుకుంటే ఇంకో నాలుగేళ్ళు బతుకుతావు."

"బతికి ఏం చెప్పుకోను? పో, నా పని నన్ను చేసుకోనీ."

చేవమ్మ గాలిని పిలిచింది. "తమ్ముడూ, నా గింజల్ని వెచ్చని చోటికి తీసుకెళ్ళు. ఏడాదికో గీత, మానొద్దని చెప్పు."

చివరి ఏడు వేళ్ళు గడ్డకట్టాయి. అయినా చేవమ్మ పంతం వదల్లేదు. వెంట్రుకంత సన్నంగా ఆఖరి గీత గీసి కన్ను మూసింది. పక్కనే పారే ఏటి బురద ఆమెను కప్పింది. బురదలోనే ఆమె రాయైపోయింది. పైన మంచు పరుచుకుని దర్జాగా కూర్చుంది.

యుగాలు గడిచాయి. ఒకనాడు రాళ్ళను చదివే మందాకిని అనే ఆవిడ ఆ మంచు మీద నడుస్తూ వచ్చింది. బయటికి పొడుచుకొచ్చిన రాయిని చేత్తో తుడిచి, గీతలు చూసి, అక్కడే చతికిలబడింది.

"ఓయమ్మో, ఇది చెట్టు! ఈ వెడల్పు చూడు, ఇక్కడ ఎండ కాసేది, వాన పడేది. గీత ఇంత సన్నంగా ఉందంటే సూర్యుడు వెళ్ళగానే నిద్రపోయేదన్నమాట. ఇక్కడ అడవి ఉండేది!"

కాళ్ళ కింద మంచు చిటుక్కున బీటవారింది.

గాలి మోసుకెళ్ళిన గింజలు కూడా తల్లి మాట మరవలేదు. అవి మొలిచినప్పటినుంచే, ఎదుగుదల ఆగే కాలం రాగానే చెట్లు పొట్టలో ఒక గీత గీసుకుంటున్నాయి. కోసిన టేకు దుంగ కనిపిస్తే వంగి చూడండి. మంచి ఏడు వెడల్పుగా ఉంటుంది, కష్టమొచ్చిన ఏడు ఇరుకుగా ఉంటుంది. కష్టమొచ్చిందని గీత మాత్రం మానవు.