తోడేళ్ల కొండ మీద విలేకరుల బంతి

తోడేళ్ల కొండ మీద ఒక కళాశాల ఉంది. అది కబడ్డీకి పేరుపడింది. ఆటకొచ్చిన విలేకరులకు పెట్టే భోజనానికి అంతకంటే ఎక్కువ పేరుపడింది. విలేకరులు రాని ఆట చెల్లదని అడవిలో కట్టుబాటు. అందుకని ప్రతి ఆటకీ వాళ్లకు పిలుపు వెళ్లేది. పిలిచేదీ, కూర్చోబెట్టేదీ, వడ్డించేదీ నక్క జంబులింగం.

ఆ ఏడు పిలుపు కుందేలు విలేకరి పేరిందేవికి వచ్చింది. నిరుడు వెళ్లిన ఉడుత సన్యాసిరావు తిరిగి రాలేదు. రాలేదన్న సంగతి తప్ప ఎవరికీ ఇంకేమీ తెలియదు. తెలియనిదాన్ని వార్తగా చెప్పే అలవాటు పేరిందేవికి లేదు. అందుకే భయపడుతూనే బయల్దేరింది.

మొదటి సగం ఆట ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. లోయ కళాశాల తరఫున ఆడుతున్న మేకపిల్ల నూకరాజుకి కొమ్ములింకా సరిగా రాలేదు. అయినా కూత పెట్టి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒక తోడేలును తాకి గీత దాటి వచ్చేస్తున్నాడు. తోడేళ్లు ఓడిపోతున్నాయి. ఓడిపోతూ ఒకదాన్నొకటి చూసుకుని నవ్వుకుంటున్నాయి. ఆ నవ్వు పేరిందేవికి నచ్చలేదు.

విరామం రాగానే జంబులింగం చేతులు జోడించాడు. "విలేకరులు భోజనానికి దయచేయాలి!"

పందిరి పెద్ద బండ వెనకాల ఉంది. అక్కణ్నించి మైదానం కనిపించదు.

"ఆట ఎలా చూస్తామే ఇక్కణ్నించి?" అంది పేరిందేవి, పక్కనున్న కాకి విలేకరి అప్పలకొండతో.

"ఆట రేపూ ఉంటుంది పేరక్కా. గుమ్మడికాయ దప్పళంలో గారెలు రేపుంటాయా?"

బంతి మొదట్లో ఏటా వచ్చే ముసలి తాబేలు విలేకరి కూర్మయ్య కూర్చున్నాడు. పక్కన పేరిందేవి, ఆ పక్కన అప్పలకొండ. చివర ఒక విస్తరి ఖాళీగా ఉంది.

"అదెవరికి?" అంది పేరిందేవి.

"సన్యాసిరావు గారికమ్మా. నిరుడు మా భోజనం తిని, మళ్లీ వస్తానని మరీ చెప్పి వెళ్లారు. దారిలో ఉండుంటారు." అంటూ జంబులింగం కుంచెతో విస్తరాకుల మీద దుమ్ము దులిపాడు.

పేరిందేవి కుంచెను చూసింది. బూడిదరంగు వెంట్రుకలు, కొసన నలుపు. పోయినేటి దాకా ఆ తోక ఆమె బొరియ పక్క కొమ్మ మీదే ఊగుతుండేది. ఆమె గుర్తుపట్టింది. ముఖం మాత్రం మామూలుగా ఉంచుకుంది.

జంబులింగం గొంతు సవరించుకున్నాడు. "మా కొండ ఆచారం పొద్దున్న ఆటగాళ్లందరి ముందూ చెప్పాను. వేసిన విస్తరి ఖాళీగా పోకూడదు. ఆఖరివారు ముగించేదాకా ఎవరూ లేవకూడదు. బంతిలో ఉన్నంతసేపూ మీ మీద ఈగ వాలనివ్వం. మధ్యలో లేచినవాళ్లు..." చిన్నగా నవ్వాడు. "మీరు లేవరు లెండి."

పందిరి గుంజల దగ్గర రెండు తోడేళ్లు నీళ్ల చెంబులతో నిలబడ్డాయి. ఎవరికీ నీళ్లు పోయడం లేదు.

కూర్మయ్య ఒక మెతుకు నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి రెండోది అందుకున్నాడు.

"తాతా," అంది పేరిందేవి గుసగుసగా, "కాస్త తొందరగా తినవూ?"

"మెల్లగా తింటే ఇంటికి పంపిస్తారు తల్లీ. తొందరపడితే వెల్లకిలా తిప్పి ఎండలో పడేస్తారు." ముసలాయన గొంతు వణికింది. "ఏటా ఇంతే. నేను ముగించేసరికి ఆట అయిపోతుంది. బండ అవతల ఏం జరిగిందో ఏ విలేకరీ చూడడు. నిరుడు ఉడుత చూడబోయాడు."

జంబులింగం గారెల బుట్టతో వచ్చాడు. "పేరిందేవమ్మా, శ్రమపడకండి. వార్త నేను చెబుతాను. కొండ కళాశాల గెలిచింది. మేకపిల్ల నూకరాజు కూతలో ఊపిరందక కుప్పకూలాడు. ఆటలో పోయిన ప్రాణం, ఎవరేం చేస్తారు? పాపం."

పేరిందేవి నోట్లో గారె అలాగే ఉండిపోయింది. రెండో సగం ఇంకా మొదలవలేదు. బండ అవతల నూకరాజు స్నేహితులతో వాదులాడుతున్న గొంతు ఆమె పొడుగు చెవులకు స్పష్టంగా వినిపిస్తోంది. వాడి చావు వార్త మాత్రం అప్పుడే వడ్డనకు వచ్చేసింది.

లేస్తే తను చస్తుంది. కూర్చుంటే వాడు చస్తాడు. మైదానంలో రిఫరీ ఈల ఊది చూసుకుంటున్న చప్పుడు వినిపించింది. అప్పుడు ఆమె చూపు చివరి విస్తరి మీద పడింది.

"జంబులింగం గారూ, సన్యాసిరావు వస్తాడంటారా?"

"తప్పకుండా!"

"అయితే ఆయన వచ్చేదాకా మేమంతా ఆగుతాం. గారెలు చల్లారిపోయినా సరే. ఆట కూడా ఆపించండి. ఆయన కూడా విలేకరే కదా."

జంబులింగం నవ్వు సన్నబడింది. "అబ్బే, అంతసేపు ఎందుకు? రాకపోవచ్చు కూడా."

"ఎందుకు రాడు?"

గుంజల దగ్గర తోడేళ్లు కదిలాయి. జంబులింగం కుంచెను వీపు వెనక్కి తిప్పుకున్నాడు. అప్పలకొండ తినడం ఆపేసింది. ఆమె కూడా కుంచెను ఇప్పుడే చూసింది.

"ఏదో పని తగిలుంటుందమ్మా," అన్నాడు చివరికి.

"మరి విస్తరి ఖాళీగా పోకూడదన్నారు. బంతి చెడిందని తెలిస్తే ఈ కొండకి ఇక ఏ కళాశాలా ఆటకి రాదు. మీకెందుకా మాట? ఆకలిగా ఉన్న ఒక కుర్రాణ్ని కూర్చోబెడదాం." ఆమె కాకి వైపు తిరిగింది. "అప్పలకొండా, కూర్చున్న చోటనుంచే పిలువు. కొండంతా వినబడాలి."

అప్పలకొండ జీవితంలో అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. "నూకరాజూ! లోయ కళాశాల నూకరాజూ! జంబులింగం గారు నిన్ను బంతికి పిలుస్తున్నారు!"

మైదానంలో ఉన్న రెండు కళాశాలలవాళ్లూ విన్నారు. అందరూ విన్నాక కాదంటే కొండ పరువు పోతుందని జంబులింగం ఖాళీ విస్తరి సర్దాడు. బండ పక్కనుంచి మేకపిల్ల గెంతుతూ వచ్చాడు. వాడి వెనకే తోడేళ్ల జట్టు వచ్చి పందిరి బయట ఆగిపోయింది.

"ఆట మొదలెడుతున్నారక్కా. ఇప్పుడు తింటే పరిగెత్తలేను," అన్నాడు నూకరాజు.

"నువ్వు పరిగెత్తనక్కర్లేదు నాయనా. కూర్చో. నేను చెప్పేదాకా లేవకు."

వాడు ఉడుత విస్తరి ముందు కూర్చున్నాడు. తోడేళ్ల కెప్టెన్ పళ్లు నూరాడు. జంబులింగం పరుగున వెళ్లి తాబేలు చెవిలో అన్నాడు: "మావా, ముగించు! తొందరగా మింగు!"

కూర్మయ్య తల పైకెత్తాడు. పక్కనున్న కుందేలును చూశాడు, మేకపిల్లను చూశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన గొంతు వణకలేదు.

"ఎలా మింగను బాబూ? నాకు పళ్లు లేవు కదా. ఇంకో గారె వెయ్యి. దప్పళం కూడా."

జంబులింగం వేశాడు. వెయ్యక తప్పలేదు. మళ్లీ వేశాడు. పొద్దు వాలింది. చీకటి పడితే ఆట రద్దు. దిగువనుంచి లోయ కళాశాల దున్నపోతులు తమ కళాశాల పిల్లల్ని తీసుకెళ్లడానికి కొండెక్కి వచ్చాయి. వాటి డెక్కల చప్పుడు పందిరి దాకా వినిపించాక కూర్మయ్య ఆఖరి మెతుకు మింగి విస్తరి మడిచాడు. నలుగురూ ఒక్కసారే లేచి దున్నపోతుల మధ్య నడిచి దిగిపోయారు.

పేరిందేవి చెప్పిన వార్త చిన్నది. "ఆట సగంలో ఆగింది. సన్యాసిరావు విస్తరిలో నూకరాజు భోంచేశాడు. సన్యాసిరావు తోక జంబులింగం చేతిలో కుంచెగా ఉంది. నేను చూశాను."

మరుసటి ఏడు జంబులింగం విస్తళ్లు వేసి ఎదురుచూశాడు. ఒక్కరూ రాలేదు.

నీతి: ఎదుటివాడి కళ్లు కప్పడానికి పెట్టిన విందు, పెట్టినవాడి కాళ్లనే కట్టేస్తుంది.