అప్పజెప్పే వేళ

నాగన్నకు పాఠం ఒంటబట్టడం లేదు. జీవితమంతా నూనె గానుగ ఆడించినవాడు. భార్య పోయాక ఇల్లు బావురుమంటుంటే ఉండలేక, యాభై దాటిన వయసులో కృష్ణ ఒడ్డున ఉన్న ఆరామానికి వచ్చి భిక్షువయ్యాడు.

ఆ రోజుల్లో చదువంతా నోటితోనే. మొదటి పాఠాలు పెద్ద శిష్యులు చెప్పేవారు. గురువు రేవతుడు ముసలివాడు, ఆయన దగ్గర పైచదువులే. పొద్దు గూకే వేళ భిక్షువులు ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు అప్పజెప్పుకునేవారు. తప్పు దొర్లితే వినేవాడు వేలెత్తుతాడు. అంతే, మాట అనడు.

కుర్రభిక్షువులు గడగడా ఒప్పజెప్పేసేవారు. నాగన్నకేమో మొదటి పాఠంలో ఒక్క పాదమే నెల తినేసింది. అతనితో కూర్చుంటే తాము వెనకబడతామని ఒక్కొక్కరే మెల్లగా తప్పుకున్నారు. పాపం, వాళ్ళను అనడానికీ లేదు. నాగన్న ఒక రాతిస్తంభం ఎదుట కూర్చుని అప్పజెప్పుకునేవాడు. స్తంభం వేలెత్తదు కదా! ఇంట్లోనూ గోడలే, ఇక్కడా రాయే అనుకుంటే ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం భిక్షాపాత్ర తెచ్చి గురువు ముందు పెట్టాడు. ఆరామం వదిలి వెళ్ళేవాళ్ళు చేసే పని అది.

"వెళ్ళిపోతాను స్వామీ. ఈ వయసులో నాకు చదువేమిటి?"

రేవతుడు పాత్ర వంక చూడలేదు. "అప్పజెప్పే వేళయింది, కూర్చో."

పరీక్ష కాబోలనుకుంటూ నాగన్న కూర్చున్నాడు. కానీ గురువే ఎదురుగా చాప వేసుకుని, చేతులు జోడించి, మొదటి పాఠం అందుకున్నాడు.

సగంలో ఒక పాదం జారిపోయింది. నాగన్న నెలంతా కుస్తీ పట్టిన పాదమే. అతను వేలెత్తాడు.

గురువు ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. మళ్ళీ అక్కడే జారింది. తన కోసం ఆడుతున్న నాటకం కాదని నాగన్నకు అప్పుడు తెలిసింది. నెమ్మదిగా ఆ పాదం అందించాడు. ముసలాయన దాన్ని రెండుసార్లు వల్లించుకున్నాడు.

"మా గురువుగారు పోయాక నా పాఠం విన్నవాళ్ళు లేరు నాగన్నా," అన్నాడు. "ఎన్నేళ్ళుగా తప్పు చెప్పుకుంటున్నానో!"

చీకటి పడుతోంది. అవతల కుర్రవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. గురువు పాత్రను నాగన్న వైపు జరిపాడు.

"రేపు రెండో పాఠం అప్పజెబుతాను."

"అది నాకింకా రాదు స్వామీ."

"త్వరగా నేర్చుకో. నేను ఎక్కువ కాలం ఆగలేను."