గూట్లో పెట్టిన బద్ద

ఆ ఊళ్లో తలుపులన్నీ పొట్టివి.

చేయించినప్పుడు పొట్టివి కావు. ఏటా కాస్త కాస్త పొట్టివయ్యాయి. తొలకరికి ముందు ఒక రోజుని ఆ ఊరివాళ్లు తలుపుల రోజు అనేవారు. ఆ రోజు వడ్రంగి సంచి భుజాన వేసుకుని వీధి మొదట్లోంచి బయల్దేరేవాడు. ఎవరి తలుపు గడపకి రాసుకుంటోందని అడిగేవాడు కాదు. అన్నీ రాసుకునేవే. తలుపు ఊడదీసి, పడుకోబెట్టి, కింది అంచుని చిత్రిక పట్టి, మళ్లీ అవే స్క్రూలు అవే కన్నాల్లో బిగించి పోయేవాడు. నాలుగు నెలలు తలుపు హాయిగా తిరిగేది. తర్వాత ఒక పక్కకి కుంగి మళ్లీ రాసుకునేది. అందుకే కదా ఏటా తలుపుల రోజు పెట్టింది అనుకునేవారు.

ఇంకో ఆచారం కూడా ఉంది. కొత్త తలుపుని వేలెడు పొడుగ్గా చేయించేవారు. బిగించే రోజు ఆ వేలెడు బద్దని రంపంతో కోసి, పసుపు రాసి బొట్టు పెట్టి, గుమ్మం పైన గోడలో ఉన్న గూట్లో పెట్టేవారు. ఇంటి అదృష్టం అందులో ఉంటుందని నమ్మకం. తలుపుల రోజున ఇంటాయన స్టూలెక్కి దానికి పసుపు రాసేవాడు. అది అయ్యాకే వడ్రంగి తలుపు మీద చెయ్యి వేసేవాడు.

వీధి చివరి ఇంట్లో ఒక ఇల్లాలు ఉండేది. ఆ ఇంటి తలుపుని రోజుకి నూరుసార్లు తీసేదీ వేసేదీ ఆవిడే. వేసేటప్పుడు కుడిచేత్తో పిడి పట్టుకుని, కొంచెం పైకెత్తి, అప్పుడు నెట్టాలి. అది ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్లలో చేతికి దానంతటదే వచ్చింది. ఇంటాయన బయటికెళ్లినా లోపలికొచ్చినా ఆవిడే తలుపు తీసి ఆవిడే వేసేది కాబట్టి ఆయనకి ఆ సంగతి తెలియదు. మా తలుపంత మెత్తగా ఊళ్లో ఇంకోటి తిరగదని అరుగు మీద కూర్చుని చెప్పుకునేవాడు.

ఏటా రాలిన చిత్రిక పొట్టుని ఆవిడ చేటలోకి ఎత్తి దాచుకునేది. దాంతో పొయ్యి ఇట్టే అంటుకునేది. అదంటే ఆవిడకి ఇష్టం కూడా.

ఆవిడకి ఒక కూతురు. తలుపు పక్కన, వెలుతురు పడేచోట మిషను వేసుకుని రవికలు కుట్టేది. పొద్దుణ్నించి సాయంత్రం దాకా ఆ మిషను చప్పుడు వీధికంతా వినిపించేది.

కిందటి వానల చివర్లో ఒక మధ్యాహ్నం పాము లోపలికి వచ్చింది. తలుపు పిడివైపు గడపకి ఆనుకునే ఉంది. తలుపుని ద్వారబంధానికి పట్టి ఉంచే బందుల వైపు మాత్రం కింద సందు. పాము ఆ సందులోంచి వచ్చింది. కూతురు మిషను తొక్కుతోంది. పాము ఆమె పాదాల మీదుగా పాకి, తొక్కే పలక కిందుగా దూరి, గోడవారగా ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారినే పోయింది. తల్లి వంటింటి గుమ్మంలో అట్లకాడ పట్టుకుని నిలబడి అంతా చూసింది.

ఏమీ కాలేదు. ఇంటాయన అదే అన్నాడు. పక్కింటావిడ వచ్చి అదే అంది. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా అదే అని కాఫీ తాగి వెళ్లారు. నిజమే, ఏమీ కాలేదు.

కూతురు మాత్రం ఆ రోజు నుంచి కాళ్లు కింద పెట్టి కూర్చోలేదు. పని ఉంటే గబగబా నడిచేది, వెంటనే మంచమెక్కి కాళ్లు ముడుచుకునేది. మిషను మీద దుప్పటి కప్పేసింది. ఇంకా కుట్టని రవికగుడ్డలు ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. తల్లి మాట తగ్గిపోయింది. గోనెసంచి చుట్ట చుట్టి సందులో కూరేది. వచ్చినవాళ్లు దాన్ని కాలితో తోసి వచ్చేవారు. ఆవిడ మళ్లీ కూరేది.

మళ్లీ తలుపుల రోజు దగ్గర పడింది. తలుపు ఈ ఏడు మరీ రాసుకుంటోందని, ఆవిడ లేనప్పుడు ఒకసారి తనే వేయబోతే భుజం పట్టేసిందని ఇంటాయన చెప్పాడు. ఈసారి వడ్రంగిని చిత్రిక ఇంకో రెండు పట్లు ఎక్కువ పట్టమంటానన్నాడు.

రెండు పట్లు అంటే సందు ఇంకెంత అవుతుందో ఆవిడ మంచం మీది కాళ్లను చూసి లెక్క వేసుకుంది.

"కింద కాదేమో. పైన చూడండి," అంది.

ఆయన తలెత్తి గూట్లోకి చూశాడు. "పైన ఏముందే? బద్ద శుభ్రంగానే ఉంది," అన్నాడు.

మర్నాడు ఆయన బయటికెళ్లాక ఆవిడే స్టూలు వేసుకుని ఎక్కింది. బద్దని చూడలేదు. తలుపు పై బందుని చూసింది. బందుకి నాలుగు స్క్రూలు ఉండాలి. రెండే ఉన్నాయి. ఒకదాన్ని వేళ్లతో పట్టుకుంటే పాలపన్నులా చేతిలోకి ఊడి వచ్చింది. దాని కన్నంలో ఆవిడ చిటికెనవేలు పట్టింది.

ఆవిడ ఆ వేలు తీయకుండా కాసేపు స్టూలు మీదే నిలబడింది. ఇరవైసార్లు ఊడదీశారు. ఇరవైసార్లు అదే కన్నంలో బిగించారు. కింద కొయ్యడానికి విప్పినప్పుడల్లా పైన వదులైంది. పైన వదులైనందుకు కింద కోశారు.

స్టూలు దిగి చీపురు తెచ్చింది. పుల్లలు విరిచి, తుమ్మబంకలో ముంచి, ఒక్కో కన్నంలో పట్టినన్ని కుక్కి, రోకలిబండతో మెల్లిగా కొట్టింది.

"అమ్మా, చీపురు పాడుచేస్తున్నావు," అంది కూతురు మంచం మీంచి.

"ఇంకోటి కట్టుకుందాం."

పిడివైపు మూల కింద అట్లకాడ దూర్చి తలుపుని పైకి లేపింది. బంక ఆరేదాకా అలాగే ఉంచింది. సాయంత్రం ఇంటాయన వచ్చి తలుపు కింద అట్లకాడ ఎందుకని అడిగితే, ఉండనివ్వండంది. రాత్రి దోసెలు లేవన్నమాట అని ఆయన ఉప్మా తిన్నాడు.

మర్నాడు కొత్త స్క్రూలు నాలుగు తెచ్చి తిప్పింది. మొదటి రెండు చుట్లు వదులుగా తిరిగాయి. మూడో చుట్టుకి స్క్రూ చెక్కని పట్టుకుంది. ఆ తర్వాత ఒక్కో చుట్టుకీ మణికట్టు లాగింది. ఆ నొప్పి ఆవిడకి బాగుంది. కింది బందుని కూడా అలాగే బిగించి, రెండింటి కీళ్లలో ఆముదం చుక్కలు వేసి, అట్లకాడ తీసేసింది. ఒక్క వేలితో నెడితే తలుపు వెళ్లి మూసుకుంది. చప్పుడు లేదు. రాపిడి లేదు.

కానీ కింద ఈ చివర్నించి ఆ చివరిదాకా వెలుతురు గీతలా పడింది.

కుంగినన్నాళ్లూ తలుపు ఒక మూల గడపకి ఆనుకుని తన పొట్టితనాన్ని దాచుకుంది. నిటారుగా నిలబడగానే అది బయటపడింది. సందు వేలెడు ఉంది.

కూతురు కాళ్లు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ముందే నయమమ్మా. ఒక మూలేగా ఉండేది," అంది.

ఇంటాయన వచ్చి చూసి, ముందు గడపకి ఆనుతుండేదనీ, ముట్టుకుని చెడగొట్టిందనీ అన్నాడు. పక్కింటావిడ కూడా వచ్చి, మగవాళ్ల పని మనకెందుకు వదినా అని, వంగి ఆ సందులోంచి వీధి చూసి నవ్వి వెళ్లింది.

ఆ వేలెడూ ఎక్కడికి పోయిందో ఇల్లాలికి తెలుసు. ఏటా చేటతో ఎత్తి పొయ్యిలో వేసింది తనే. ఇట్టే అంటుకునేది.

తలుపుల రోజు పొద్దున్నే వడ్రంగి వచ్చాడు. సంచి దింపి, అలవాటు చొప్పున తలుపుని ఒకసారి వేసి చూశాడు. అది ఆడుతూ వెళ్లి మూసుకుంది. మళ్లీ తీశాడు. మళ్లీ వేశాడు. చిత్రిక చేతిలోనే ఉండిపోయింది.

"ఏం చేశారమ్మా దీన్ని?"

ఆవిడ పై బందుని చూపించింది. వడ్రంగి మెడ వెనక్కి వంచి చాలాసేపు చూశాడు. స్క్రూ పక్కన చీపురుపుల్ల మొన ఒకటి కనపడుతోంది. దాన్ని గోటితో మీటాడు. అది కదల్లేదు. మా నాన్న నాకు చిత్రిక ఇచ్చి కింద చూడమన్నాడు, పైకి చూడమని ఆయన అనలేదు, ఆయనతోనూ ఎవరూ అనుండరు అని తనలో తను అనుకున్నట్టు చెప్పాడు.

ఆవిడ కింద ఉన్న సందుని చూపించి, దానికి ఏదైనా ముక్క అతకమంది.

"కొయ్యడమే నాకొచ్చమ్మా. అతకమని ఈ ఊళ్లో ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు," అన్నాడు వడ్రంగి. పైగా ఇరవై ఏళ్ల చెక్కకి కొత్త చెక్క అతికినా నిలవదనీ, ఒకటి ఉబ్బితే ఒకటి ఉబ్బదనీ చెప్పాడు.

ఆ సమయానికి ఇంటాయన స్టూలు మీద ఉన్నాడు. ఎడమచేతిలో పసుపు గిన్నె, కుడిచేతిలో గూట్లోంచి తీసిన బద్ద. పసుపు రాయబోతూ మాటలు విని ఆగాడు.

ఆవిడ బద్దని చూసింది. ఇన్నేళ్లూ దాన్ని పసుపుగానే చూసింది. ఇవాళ పసుపు కింద చెక్క కనిపించింది. చివర ఒక నల్లటి ముడి, సగమే ఉంది. మిగతా ముడి, ఏటా చిత్రిక తినగా మిగిలినంత, తలుపు కింద బందుల వైపు మూలలో ఉంది. తుడిచేటప్పుడల్లా ఆవిడ చూసేదే.

"అదిలా ఇవ్వండి."

ఏదీ అన్నాడాయన. తెలిసే అడిగాడు. ఆవిడ చెయ్యి చాపే ఉంచింది.

ఇంటి అదృష్టాన్ని కాళ్ల దగ్గర కొట్టుకుంటావా అన్నాడు. అందరూ దాన్ని దాటుకుంటూ తిరగాలా అన్నాడు. ఈలోపు గుమ్మం ముందు నలుగురు చేరారు. మీ ఇంటి వరకే అయితే సరే, ఊరికేమన్నా అయితే అని ఒక పెద్దాయన నసిగాడు. వడ్రంగి చిత్రికని సంచిలో పెట్టుకుని, ఈ పాపం నాకొద్దు, నేను మేకు కొట్టను బాబూ అన్నాడు.

"అది తలుపు ముక్కండీ," అంది ఆవిడ.

ఆయన బద్దని ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇరవై ఏళ్లు అది పైన కూర్చుంది. పాము కిందనుంచి వచ్చింది."

పాము వచ్చిన తర్వాత ఆవిడ ఆ మాట నోట అనడం అదే మొదటిసారి. ఇంటాయన స్టూలు మీంచి లోపలికి చూశాడు. అంత ఎత్తు నుంచి ఆయనకి మంచం, మంచం మీద ముడుచుకున్న కూతురి కాళ్లు, దుప్పటి కప్పిన మిషను ఒకేసారి కనిపించాయి. బద్దని ఆవిడ చేతిలో పెట్టాడు.

తలుపు ఊడదీసి పడుకోబెడితే బద్ద అతకడం తేలిక. వడ్రంగి చెయ్యి అలవాటుగా పై బందు మీదికి వెళ్లింది.

"ఊడదీయొద్దు," అంది ఆవిడ.

తలుపు నిలబడి ఉండగానే కొట్టాలంటే బద్దని కిందనుంచి ఎవరో ఒకరు పైకి అదిమి పట్టాలి. గడపకీ తలుపుకీ మధ్య చెయ్యి పట్టదు. తలుపు లోపలికి తెరిస్తే నేలకీ దానికీ మధ్య ఒక పాదం పడుతుంది, అంతే. చేత్తో పడితే సుత్తి దెబ్బకి జారిపోతుంది, కాలితో అదిమితేనే నిలుస్తుంది. ఇంటాయన పాదం లావు. వడ్రంగి దూరంగా జరిగాడు. ఆవిడ సుత్తి పట్టుకుని, బద్ద పట్టుకుని, రెండు చేతులూ చాలక కూర్చుంది.

మంచం కిర్రుమంది.

కూతురు దిగి వచ్చింది. నేల మీద కూర్చుని, రెండు పాదాలూ తలుపు కిందికి చాపి, కాలివేళ్లతో బద్దని పైకి నొక్కింది. ఒక పాదం బందుల వైపు మూలలో ఉంది. అక్కడ ముడికి ముడి ఆనింది.

"కాలివేళ్లు నావి. చూసి కొట్టు," అంది.

తల్లి మొదటి మేకు నిలబెట్టింది. కూతురి కాలు కదల్లేదు. వడ్రంగి ఉండబట్టలేకపోయాడు. నిటారుగా కాదమ్మా, ఏటవాలుగా పైకి కొట్టండి, అప్పుడు రెండింటినీ పట్టుకుంటుంది అని చెప్పాడు. రెండో మేకుకి దగ్గరికి జరిగాడు. మూడో మేకు తనే సంచిలోంచి తీసిచ్చాడు. నాలుగోది సుత్తి తీసుకుని తనే కొట్టాడు. పాపం సంగతి మళ్లీ ఎత్తలేదు.

అయ్యాక తల్లి లేచి తలుపు వేసింది. పిడి పట్టుకోగానే కుడిచెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఎత్తడానికి అక్కడ బరువేం లేదు. చెయ్యి కాసేపు అలాగే పైన ఉండిపోయింది. ఆవిడ దాన్ని దించి కొంగుకి తుడుచుకుంది.

కింద గీత పోయింది. పిడివైపు చివర గింజంత సందు మిగిలింది. చీమ దూరుతుంది. పాము దూరదు. కూతురు వంగి అది చూసుకుంది. మిషను మీది దుప్పటి తీసి విదిలించింది. కూర్చుంది.

బయట వడ్రంగి పక్కింటి ముందు నిలబడ్డాడు. అక్కడ అప్పటికే తలుపు ఊడదీసి పడుకోబెట్టి అతని కోసం చూస్తున్నారు. అతను చిత్రిక తీయలేదు. పక్కింటావిడని పిలిచి, మీ ఇంట్లో పాత చీపురు ఉందా అమ్మా అని అడిగాడు.

ఇంటాయన ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. గిన్నెలో పసుపు ఎండిపోతోంది. గూడు ఖాళీగా ఉంది. ఆయన గూట్లోకి ఒకసారి చూశాడు, చేతిలో గిన్నెని ఒకసారి చూశాడు. తర్వాత స్టూలు దిగాడు. ఆ ఊళ్లో మగవాళ్లు గడప దగ్గర వంగేవాళ్లు కాదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు పసుపులో ముంచి, తలుపు కింది అంచున ఈ చివర్నించి మొదలుపెట్టాడు.

లోపల మిషను తిరుగుతోంది.