ఆమె అలుగు

ఆ కొండ పేరు నా నాలుక చివరే ఉంది, బయటికి రావడం లేదు. పోనివ్వండి, పేరు గుర్తు రానంత మాత్రాన కొండ ఎక్కడికీ పోదు. దాని వెనకవైపు, ఇప్పచెట్ల కింద ఒక బొరియలో పొలుసమ్మ ఉండేది. పొలుసమ్మ జాతి అలుగు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, కొనతేలిన మూతి, చీమలపుట్ట అడుగుదాకా దూరే సన్నటి నాలుక. భయం వేసినా, సిగ్గు వేసినా, ఎవరైనా "బాగున్నారా?" అని అడిగినా ముడుచుకుని బంతి అయిపోయేది. ఆ జాతి పగలు బయట తిరగదు కాబట్టి, అలాంటి ప్రాణి ఒకటుందని అడవిలో సగంమందికి తెలియదు.

ఈ పొలుసమ్మ ప్రేమనవలలు రాసేది.

పక్క బొరియలో ముళ్ళపంది ముత్తయ్య ఉండేవాడు. తన ఒంటి ముళ్ళే ఆమెకి కలాలుగా ఇచ్చేవాడు. ఆమె రాసిన ఆకులు మూటగట్టి, వాగు అవతల కోతులు నడిపే అచ్చాఫీసుకి మోసేవాడు. పుస్తకం మీద "వెన్నెల" అన్న పేరొక్కటే ఉండేది. ఆ వెన్నెల ఎవరని కోతులు అడిగితే, "మూట మోసేవాణ్ణి, నన్నడిగితే బరువెంతో చెబుతాను" అనేవాడు.

ఒకరోజు ముత్తయ్య రొప్పుతూ వచ్చాడు.

"పొలుసక్కా! రేపు దిగువ బండ దగ్గర ప్రేమనవలల పాఠకుల మహాసభ. చర్చంతా నీ 'గుట్టచాటు గుసగుస' మీదేనట. వెన్నెలగారు తప్పక రావాలని చెట్టుచెట్టుకీ కాగితాలు అంటించారు. నీకోసం కుర్చీ కూడా వేశారు."

పొలుసమ్మ అప్పటికే బంతి.

"అక్కా, మాట్లాడుతుంటే ముడుచుకోకు. నీ ముఖం ఎటుందో తెలీక నేను నీ వీపుతో మాట్లాడుతున్నాను."

"నేను రాను తమ్ముడూ," అంది బంతి. "అందరూ చూస్తారు."

"చూడ్డానికేగా పిలిచింది."

"అదే నా భయం."

ముత్తయ్య దగ్గరికి జరిగి, "మొన్న నువ్వే కదా అన్నావు," అన్నాడు. "మరుపు ముంచుకొస్తోంది ముత్తయ్యా, రాసినవాటిని నేనే మరిచిపోయేలోపు, 'మేం చదివాం' అని ఎవరైనా అంటే ఒక్కసారి చెవులారా వినాలి, అని."

బంతిలోంచి మూతి బయటికొచ్చింది. "నేనన్నానా?"

"అన్నావు."

"ఎప్పుడూ?"

"చూశావా మరి! ఇంకా ఆలస్యం చేస్తే ఎలా?"

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. దిగువ బండ దగ్గర సందడే సందడి. ఉడతలు పుస్తకాల కొట్టు పెట్టాయి. కుందేళ్ళు నవలలో వాన సన్నివేశం ఆడి చూపిస్తూ, మధ్యలో ఆపి ఏడుస్తూ, మళ్ళీ ఆడుతున్నాయి. కథానాయకుడు ఎదురుచూస్తూ నిలబడింది కుడికాలి మీదా ఎడమకాలి మీదా అని రెండు కొంగలు ముక్కుకి ముక్కు ఆనించి వాదించుకుంటున్నాయి.

గేటు దగ్గర ఒక కోతి టేకాకుల బ్యాడ్జీలు పంచుతోంది. "పేరు?" అని అరిచింది.

పొలుసమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

"సరే, ఖాళీది తీసుకో. ఏయ్, ముళ్ళాయనా! నువ్వు ఇక్కడే ఉండు. ఆకులు గుచ్చడానికి సూదులైపోయాయి." అంటూనే ముత్తయ్య వీపులోంచి ఒక ముల్లు లాగింది.

"అబ్బా!"

"కదలకయ్యా, వెనక ఇంకా చాలామంది ఉన్నారు."

అలా ముత్తయ్య గేటు దగ్గరే ఉండిపోయాడు. పొలుసమ్మ ఒంటరిగా లోపలికి నడిచింది. అంతలో ఎవరో "వెన్నెలగారు వచ్చేశారట!" అని కేక పెట్టారు. ఆ కేకకి ఆమె నిలబడ్డ చోటే బంతి అయిపోయింది.

సభకి అధ్యక్షురాలు కోడిపెట్ట రత్తమ్మ. వేదికగా పెట్టుకున్న బండ ఎక్కినా ఆమె వెనక వరసలవాళ్ళకి కనబడటం లేదు.

"బుల్లెమ్మొదినా, కాళ్ళ కింద వేసుకోవడానికి ఏదైనా చూడు," అంది గేదె బుల్లెమ్మతో.

బుల్లెమ్మ చుట్టూ చూసింది. "ఇదుగో, ఎవరో పనసకాయ పారేసుకున్నారు," అని పొలుసమ్మని మూతితో దొర్లించుకుంటూ తెచ్చి బండ మీద పెట్టింది. రత్తమ్మ ఎగిరి పైన నిలబడి కాలితో తట్టి చూసింది.

"గట్టిగా ఉంది. ఇంకా పండలేదు." తరవాత గొంతు సవరించుకుంది. "అక్కలారా, అన్నలారా! గుట్టచాటు గుసగుస నేను గుడ్లు పొదుగుతూ చదివాను. పైకే చదివాను. పిల్లలు గుడ్డులో ఉండగానే వెక్కివెక్కి ఏడ్చాయి!"

చప్పట్లు మోగాయి. రత్తమ్మ కాళ్ళ కింద పొలుసమ్మ ముసిముసిగా నవ్వుకుంది. వినాలనుకున్న మాట వినేసింది. ఇక లేచి "నేనే రాశాను" అనడమే మిగిలింది. అంటే అనొచ్చు, ముందు ఈవిడ దిగాలిగా!

"ఇదిగో, మన వెన్నెలగారు!" అంది రత్తమ్మ.

పూలదండ వేసుకుని, శాలువా కప్పుకుని, తల వంచుకుని నడిచొచ్చి కుర్చీలో కూర్చున్నది నక్క జలజాక్షి. కోళ్ళ వరస మొత్తం ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

"అమ్మలారా, నా జాతిని చూడకండి, నా ప్రేమని చూడండి," అంది జలజాక్షి, కళ్ళు ఒత్తుకుంటూ. "ఆ నవల నా సొంత జీవితం. అందులో కథానాయిక మందాకిని ఎవరనుకున్నారు? నేనే. నేనేం రాశానమ్మా, నా కన్నీళ్ళే రాసుకున్నాయి."

కోళ్ళు మళ్ళీ ముందుకి జరిగాయి. "ఇంత ప్రేమ రాసినవాళ్ళు కోళ్ళని తింటారా?" అంది రత్తమ్మ, ముక్కు ఎగబీలుస్తూ. "ఈ రాత్రి మీ బస మా గూట్లోనే. కాదంటే ఒప్పుకోం."

"మీరంతగా అడుగుతుంటే ఎలా కాదనను?" అని జలజాక్షి పెదవులు తడుపుకుంది. "గూట్లో మొత్తం ఎంతమంది ఉంటారు?"

అంతలో "అబద్ధం!" అంటూ ముత్తయ్య పరిగెత్తుకొచ్చాడు. వీపు సగం బోసిపోయి ఉంది. "ఆవిడ వెన్నెల కాదు! వెన్నెల మా పొలుసక్క! అక్కా, ఎక్కడున్నావే?"

"ఇక్కడే తమ్ముడూ," అంది పనసకాయ.

రత్తమ్మ కెవ్వుమని ఎగిరి బుల్లెమ్మ కొమ్ము మీద వాలింది. "కాయ మాట్లాడింది వదినా!"

పొలుసమ్మ మెల్లగా విచ్చుకుని నిలబడింది. ఎవరికీ ఆ ప్రాణి ఏమిటో అర్థం కాలేదు. రత్తమ్మ తేరుకుని రెక్కలు దులుపుకుంది.

"ఒక్క పుస్తకానికి ఇద్దరు వెన్నెలలైతే ఎలా? ఒక్క ప్రశ్న వేస్తాను. కథానాయకుడి పేరేమిటి?"

అందరి కళ్ళూ పొలుసమ్మ మీదే. "కథానాయకుడా... మంచివాడమ్మా. తెగ తిరుగుతాడు. అతని పేరు... ఇప్పుడే నోటిదాకా వచ్చింది..."

"విహారి," అంది జలజాక్షి ఠక్కున. "ఎడమచెవి వెనక పుట్టుమచ్చ. నాలుగో ప్రకరణం మొదట్లో తుమ్ముతూ వస్తాడు. అయిదో ప్రకరణంలో కూడా తుమ్ము తగ్గదు."

సభ ఈలలతో దద్దరిల్లింది.

"నా ముల్లుతోనే రాసిందమ్మా!" అని మొత్తుకున్నాడు ముత్తయ్య.

"ముల్లు నీది కాబట్టి నవల కూడా నీదే అనలేదు. సంతోషం నాయనా," అంది జలజాక్షి. అందరూ నవ్వారు.

పొలుసమ్మ ముత్తయ్య చెవిలో అంది: "నేను రాయలేదేమో తమ్ముడూ. రాసుంటే ఆ పేరు మరిచిపోతానా?" ఆమె మళ్ళీ మూతి లోపలికి లాక్కుని ముడుచుకుంది. కోళ్ళు లేచి అతిథిని గూటికి తీసుకెళ్ళడానికి దారి చేశాయి.

"ఆగండాగండి," అంది బుల్లెమ్మ. "వెన్నెలగారూ, నాదొక్క సందేహం. తీరకపోతే నాకు నెమరు కూడా సాగదు. పుస్తకం మొదట్లోనే 'ఆమె అలుగు. అందుకే అతనికి ఆమె అంటే అంత ఇష్టం' అని రాశారు. ఆవిడ ఎందుకలిగిందండీ? పుస్తకమంతా గాలించాను, కారణం లేదు. నేనలిగితే మా ఆయన బురదలోకి పోయి పడుకుంటాడు. అదుగో, ఇప్పుడు కూడా కింద గుంటలో నిద్రపోతున్నాడు. మీ విహారికేమో అలిగితే ఇష్టమట! ఆ కిటుకేదో చెప్పండి, ఇంటికెళ్ళి అలాగే అలుగుతాను."

పుస్తకంలో లేని సంగతి అడిగేసరికి జలజాక్షి ఒక్క క్షణం తోక నిమురుకుంది. కానీ కుర్చీ మెత్తగా ఉంది, కోళ్ళు దగ్గరగా ఉన్నాయి.

"అలక లేని ప్రేమ ఏం ప్రేమమ్మా!" అంది. "వెండి అందెలు తెస్తానని విహారి తేలేదు. అందుకే అలిగాను. తరవాత తెచ్చి నా కాళ్ళకి తొడిగాడు. ఆమె నడిస్తే గలగలమంటుందని రాశాను చూడండి, ఆ అందెలే అవి."

బంతి కొద్దిగా కదిలింది.

"ఆమె నాలుక పొడుగు అని కూడా రాశాను. అంటే గడుసుదని, మాటకి మాట అంటించేదని..."

"కాదు," అంది బంతి.

"ఎవరది?"

"కాదు, కాదు, కాదు!" పొలుసమ్మ ఒక్క ఉదుటున విచ్చుకుని వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. జనం ఉన్నారన్న సంగతే గుర్తులేదు. "అలకా లేదు, అందెలూ లేవు! మా మందాకిని ఎవరిమీదా అలగలేదు. ఆమె అలుగు! నాలాంటి అలుగు! అది మా జాతి పేరు! గలగలమన్నవి పొలుసులు, ఇవిగో!" అని బండ మీద అటూ ఇటూ నడిచింది. గలగల. "నాలుక పొడుగంటే పొడుగే!" అని నాలుక చాచి బుల్లెమ్మ ముక్కు మీది చీమని పట్టుకుని మింగింది. "అతను పలకరిస్తే ముడుచుకుపోయేదని రాశాను. ఎలాగంటే, ఇలాగ!" అని బంతి అయి చూపించింది.

కొంగలు రెండూ మెడలు చాచి ఆమెని ఎగాదిగా చూశాయి.

"మేం 'అలుగును' అనుకున్నాం," అంది ఒక కొంగ నెమ్మదిగా. "చివరి 'ను' కోతులు అచ్చులో మింగేశాయేమో అనుకున్నాం."

"అయితే ఆవిడ గేదె కాదా?" అంది బుల్లెమ్మ.

"కొంగ కాదా?"

"కోడి కాదూ?" అంది రత్తమ్మ, అందరికన్నా దిగులుగా.

జలజాక్షి గబగబా అందుకుంది. "నేనూ అదే చెప్పబోతున్నాను! అలుగే! మీరు సరిగ్గా చదివారో లేదో చూద్దామని తమాషాకి అన్నాను."

"మందాకిని నువ్వేనన్నావుగా?" అన్నాడు ముత్తయ్య. "సొంత జీవితమన్నావుగా? అయితే నువ్వూ ముడుచుకో."

"ముడుచుకో! ముడుచుకో!" అని సభంతా అందుకుంది.

పారిపోదామంటే చుట్టూ జనం. జలజాక్షి శాలువా సర్దుకుని, మూతి పొట్ట కిందికి దోపుకుని, తోక పళ్ళతో కరిచిపట్టుకుంది.

"కాళ్ళు కనబడుతున్నాయి!" అని అరిచాయి కుందేళ్ళు.

ఆ కాళ్ళు కూడా లోపలికి లాక్కుంది. అంతే, ఏటవాలు బండ మీంచి దొర్లింది. దండా శాలువాతో సహా దొర్లుకుంటూ వెళ్ళి కింద బురదగుంటలో, నిద్రపోతున్న దున్నపోతు పక్కన దబ్బున పడింది. ఆయన కళ్ళు తెరవలేదు.

"మళ్ళీ అలిగావటే బుల్లెమ్మా?" అని గొణిగి, దాని తోక మీద తల పెట్టి అటు తిరిగి పడుకున్నాడు.

పైన రత్తమ్మకి సిగ్గు ముంచుకొచ్చింది. "అంతసేపూ నేను మీ నెత్తి మీద నిలబడ్డానామ్మా!"

"పరవాలేదమ్మా," అంది పొలుసమ్మ. "అక్కడినుంచి మీ ఉపన్యాసం బాగా వినబడింది. కానీ ఆ అబ్బాయి పేరు మాత్రం నాకు నిజంగానే గుర్తులేదు. కథ కూడా అక్కడక్కడా జారిపోతోంది."

"మీరు మరిచిపోతే పోనివ్వండి, మాకు వచ్చుగా!" అంది బుల్లెమ్మ. పక్కనే చతికిలబడి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. పొలుసమ్మ ఒక్కసారి కూడా ముడుచుకోకుండా మూతి ముందుకి పెట్టుకుని విన్నది.

"వానలోనే వచ్చాడా? తుమ్ముతూనా? అయ్యో పాపం. ఆ తరవాత? పెళ్ళయిందా ఇద్దరికీ?"

"మీరే చేశారు కదమ్మా!"

"అయితే మంచిపనే చేశాను," అంది పొలుసమ్మ.

ఆ కొండ పేరు ఇప్పుడు గుర్తొచ్చింది. ఏనుగుమెట్ట. ఆ ఏనుగుమెట్ట కింద బురదగుంటలో జలజాక్షి ఇంకా ఉంది. తల ఎత్తుతాడేమోనని ఆ దున్నపోతుకి నవల మొత్తం అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. తుమ్ములతో సహా. ఆయన గురక ఆగలేదు, తోక ఊడి రాలేదు.

నీతి: కథ కంఠతా వచ్చినంత మాత్రాన మనదైపోదు, అందులో ముడుచుకోవడం కూడా వచ్చుండాలి.