సుకురమ్మ కడిగిన ఉప్పు

ఒసే బుల్లీ, కాళ్ళు లోపలికి లాక్కో, దుప్పటి కప్పుతాను. ఇవాళ కథలో చిలకలున్నాయి, కేకలున్నాయి, కాచుకో మరి!

అనగనగా ఒక కొండ, ఆ కొండ నడుం మీద ఓ చిన్న గూడెం. అందులో సుకురమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ గొంతుందే, అబ్బో! సామచేను మధ్య మంచె ఎక్కి "హో...య్" అని ఒక్క కేక పెట్టిందంటే చిలకల గుంపంతా పక్క కొండకి పరారే. ఆ చేనే వాళ్ళింటికి ఏడాది తిండి. ఆ కేక లేకపోతే గింజ మిగలదు.

ఇంకోటి చెప్పాలి. సుకురమ్మకి శుభ్రం పిచ్చి. గిన్నె కడిగేది, గడప కడిగేది, ఆఖరికి ఉప్పు కూడా కడిగేది! నవ్వకే, నిజం. ఒకప్పుడు సంతలో ఉప్పు నేలమీద కుప్పపోసి అమ్మేవాళ్ళు. అందులో మట్టి ఉండేది. అందుకని ఆ గూడెం ఆడవాళ్ళందరికీ ఉప్పు బుట్టలో పోసి వాగులో జాడించడం అలవాటు. ఆ తర్వాత ప్యాకెట్లలో తెల్లటి కల్లుప్పు వచ్చింది. అదీ కడిగేవాళ్ళు! సుకురమ్మైతే దానికి ఇంకో రెండు మునకలు ఎక్కువే వేయించేది.

అప్పుడేమైందీ? ఒక ఏడు సుకురమ్మ మెడ ముందు వాపు లేచింది. మొదట రేగుపండంత, ఆ తర్వాత నిమ్మకాయంత. ఒళ్ళంతా నీరసం. గొంతు బొంగురుపోయింది. మంచె ఎక్కి కేక పెడితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ దొంగ చిలకలు బెదరలేదు సరికదా, ఆవిడ కళ్ళముందే కంకులు ఒలుచుకు తిన్నాయి!

"ఇలాగైతే పిల్లలకి ఏం పెట్టను?" అని పాపం మంచె మీదే కూచుని ఏడ్చేసింది.

ముందు మెడకి మంత్రించిన తాడు కట్టించుకుంది. తగ్గలేదు. ఆ తర్వాత ఆకు పసరు పట్టు వేసింది. చర్మం మండింది, అంతే. ఆ తర్వాత గూడెం ఊట నీళ్ళు పడలేదేమోనని పై కొండ ఊట నుంచి బిందెలు మోసుకొచ్చింది. నడుం నొప్పి అదనం!

అప్పుడు ఊళ్ళు తిరిగే నర్సమ్మ వచ్చింది. సుకురమ్మ మెడ తడిమి చూసి, "ఆసుపత్రికి తీసుకెళ్తాను. ముందు నీ ఉప్పు తే," అంది.

"నా ఉప్పా? గూడెం మొత్తంలో ఇంత శుభ్రమైన ఉప్పు ఇంకెక్కడా దొరకదు నర్సమ్మా!" అని సుకురమ్మ గర్వంగా పిడత తెచ్చింది.

నర్సమ్మ సంచీలోంచి ఓ బుల్లి సీసా తీసింది. ఇంట్లో విప్పని ప్యాకెట్ ఉంటే దాన్ని కోసి, ఆ ఉప్పు మీద ఒక చుక్క వేసింది. ఓలమ్మో, నీలం! చూస్తుండగానే తెల్ల ఉప్పు నీలమైపోయింది! ఆ తర్వాత పిడతలో ఉప్పు మీద వేసింది. ఊఁహూఁ. ఇంకో చుక్క వేసింది. తెల్లగానే ఉంది.

"చూశావా? రంగు మారితే అందులో అయోడిన్ ఉన్నట్టు. నీ గొంతులో గ్రంథికి కావాల్సింది అదే. ఏళ్ళ తరబడి వానలు మీ కొండ మట్టిలోంచి దాన్ని కడిగి సముద్రానికి పట్టుకుపోయాయి. మీ సామల్లో చాలినంత లేదు, ఊటలోనూ లేదు. అందుకే ఉప్పులో కలిపి పంపిస్తుంటే, అదీ నువ్వు కడిగేస్తున్నావా తల్లీ!"

సుకురమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత ఆసుపత్రి మందు మింగింది. ఉప్పు కడగడం మానేసి, మూతున్న డబ్బాలో పోసింది. నెలలు గడిచాయి. వాపు తగ్గుతూ వచ్చింది, పూర్తిగా పోలేదనుకో.

మళ్ళీ సామలు పండాయి. సుకురమ్మ గొంతు మీద నమ్మకం లేక, కొట్టడానికి రేకు డబ్బా పట్టుకుని మంచె ఎక్కింది. అదిగో వచ్చేశాయి చిలకలు, ఆకాశమంతా పచ్చగా! డబ్బా ఎత్తింది. అప్పుడు కింద వాగు దగ్గర ఎవరు కనబడ్డారనుకున్నావ్? తోడికోడలు గంగులు! కడుపుతో ఉంది, ఇన్నాళ్ళూ పుట్టింట్లో ఉండి నిన్ననే వచ్చింది. ఆ పిల్లకి ఈ సంగతేం తెలుసు? ఉప్పుబుట్ట పట్టుకుని వాగులోకి వంగుతోంది! కడుపులో బిడ్డకి అయోడిన్ మరీ ముఖ్యమని నర్సమ్మ చెప్పి వెళ్ళిందాయె.

సుకురమ్మ డబ్బా విసిరేసింది. "ఒలే గంగులూ! ఉప్పు కడక్కే...య్!"

కొండ కొండంతా మోగిపోయింది! చిలకలన్నీ లేచి పరారో పరారు! గంగులు ఉలిక్కిపడి బుట్టతో సహా గట్టు మీద చతికిలబడింది. ఒక్క ఉప్పుకల్లు కూడా తడవలేదు.

సుకురమ్మ మెడ తడుముకుంది. "వచ్చిందే! నా గొంతు నాకొచ్చేసిందే!" అని మంచె మీదే గెంతింది.

ఉప్పు డబ్బాలోకి, చిలక గూట్లోకి,
కథేమో కంచికి, మా బుల్లి నిద్దట్లోకి!